నాన్న వైపు పెడళ్లు

మా నాన్న ఎవరినీ ఒక పట్టాన నమ్మడు. పెట్రోలు బంకులో మీటరు సున్నా దగ్గర ఉందని కుర్రాడు చెప్పినా, కారు దిగి వెళ్లి, కళ్లు చికిలించి చూస్తే గానీ పొయ్యనివ్వడు. మంచినీళ్ల సీసా కొంటే మూతని చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతాడు, సీలు తెగిన చప్పుడు వచ్చిందా లేదా అని. మాది డ్రైవింగ్ స్కూలు. "ఎవడు ఎక్కడ మోసం చేస్తాడో నాకు తెలియదా? నేనూ ఒక స్కూలు నడుపుతున్నవాణ్ణే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా అత్తయ్య నోటికి చీర కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

అలాంటి నాన్న, నేను పైలట్ అవుతానంటే ఒప్పుకున్నాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు.

"రెండు స్కూళ్లున్నాయి మనకి అందేంత దూరంలో. రెండూ చూద్దాం. ఒక్కటి నిజమైనదైనా నిన్ను చేర్పిస్తా. రెండూ దొంగవే అయితే మళ్లీ విమానం మాట ఎత్తకూడదు. మన స్కూల్లో ఆడవాళ్ల బ్యాచ్ నీకే అప్పజెప్తా, హాయిగా చూసుకో."

సరేనన్నాను. నాన్న కంటికి దొంగది కాని స్కూలు ఈ భూమ్మీద ఉంటుందా అన్నదే నా భయం. ఆ మాట పైకి అనలేదు. మా ఊరి బళ్లో హాజరు పిలిచేటప్పుడు నా గొంతు వినపడక మాస్టారు తలెత్తి చూసి మరీ వేసుకునేవారు. మాట్లాడే విషయంలో నాది ఆ స్థాయి.

అమ్మ స్కూలు చూసుకోవాలి కాబట్టి మాతో అత్తయ్య బయల్దేరింది. అత్తయ్య నాన్నకి అక్క, బట్టలు కుడుతుంది. మా శిక్షణ కారులోనే వెళ్లాం. దాని నెత్తిన 'ఎల్' బోర్డు, వెనక అద్దం మీద 'నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి' అన్న అక్షరాలు. నేర్చుకునేవాళ్లు తడబడితే ఆదుకోవడానికి పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నాకు కొత్తగా లైసెన్సు వచ్చింది కాబట్టి నేను నడిపాను. నాన్న పక్కన కూర్చున్నాడు. నేను నడిపినప్పుడల్లా పక్కన నాన్నే కూర్చుంటాడు.

"ఈ బోర్డు బాగుందిరా తమ్ముడూ. ఒక్కడూ దగ్గరికి రావట్లేదు. నా కుట్టుమిషను మీద కూడా ఒకటి పెట్టుకుంటాను, అరువు బేరాలు తగ్గుతాయి" అంది అత్తయ్య.

మొదటి స్కూలు అంతా అద్దాలే. నాన్న చూడగానే దానికి 'అద్దాల బడి' అని పేరు పెట్టాడు. గేటు దగ్గర కాపలావాడు మా ఎల్ బోర్డు చూసి బండి బయటే పెట్టమన్నాడు. లోపల చల్లగా ఉంది. గోడ నిండా విమానాల ఫొటోలు. నాన్న ఒక్కో ఫొటో ముందూ నిలబడి విమానం తోక మీద నంబరు చదివాడు.

"అన్నిటి మీదా ఒకే నంబరు. ఒకే విమానాన్ని అటు తిప్పి ఇటు తిప్పి తీశారు" అని నా చెవిలో అన్నాడు.

మెరిసే టై కట్టుకున్న ఒకాయన వచ్చి మాకు తరగతి గదులు చూపించాడు. నీలం రంగు కుర్చీలు వరసగా ఉన్నాయి. అత్తయ్య ఒకదాని మీద కూర్చుంది. కరకరమని చప్పుడైంది. లేచి, కుర్చీ వీపు మీద గోరుతో గీకి చూసి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"వచ్చే బ్యాచ్‌లో ఒక్కటంటే ఒక్క సీటే ఉందండీ. సాయంత్రం దాకా మీకోసం ఆపగలను, ఆపైన నా చేతుల్లో లేదు" అన్నాడు టై ఆయన.

ఆయన అటు తిరగ్గానే అత్తయ్య గొణిగింది. "ఈ మాట నీదే కదరా? ఫోన్లో రోజూ చెప్తావుగా, ఒక్క సీటే ఉందని. మీరిద్దరూ ఒకే చోట చదువుకున్నారా ఏంటి?"

"నువ్వు ఊరుకో అక్కా."

"ఊరుకుంటాను గానీ, ఆ కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడదియ్యలేదు. పిల్లలు చదివే కుర్చీలైతే ఈపాటికి సగం చీకేసి, సగం పీకేసి ఉండాలి."

విమానాలు ఉంచే చోటుకి వెళ్లాం. మూడున్నాయి, తెల్లగా, కడిగిన ముత్యాల్లా. నాన్న వంగి వాటి పొట్టల కింద చూశాడు. ఇంజిను మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉంది. పొద్దున్నుంచీ లేచినట్టు లేదు" అన్నాడు. రెండు విమానాల చక్రాల చుట్టూ గడ్డి మొలిచి ఉంది. నాన్న దాన్ని చెప్పుతో అటూ ఇటూ కదిపి నావైపు చూశాడు. ఒక దొంగ తేలిపోయాడన్న చూపు అది.

సరిగ్గా అప్పుడే కెప్టెన్ వచ్చాడు. నవ్వు మొహం, భుజాల మీద బంగారు పట్టీలు. "మాటలెందుకండీ, పాపని ఓసారి పైకి తీసుకెళ్దాం. మీరు వెనక సీట్లో కూర్చుని మీ కళ్లతో చూడండి" అన్నాడు. అత్తయ్య మాత్రం తను నేల మీదే ఉండి మాకోసం ఎదురుచూస్తానంది.

నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. నా ముందు సగం కోసిన స్టీరింగ్ లాంటిదొకటి, కాళ్ల కింద రెండు పెడళ్లు. ఆయన ముందూ అచ్చం అవే. అందరం చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాం. ఆయన పైకి లేపాడు. పొలాలు గళ్ల దుప్పటిలా కిందికి వెళ్లిపోయాక, "ఇక నువ్వే తోలమ్మా. ఎడమవైపు తిప్పు" అన్నాడు.

ఎడమ పెడల్ తొక్కుదామని అనుకుంటున్నాను, అంతలోనే అది మెత్తగా ముందుకి వెళ్లింది. నా పాదం దానితోపాటు వెళ్లింది. స్టీరింగ్ కూడా నా చేతుల్లో తనంతట తనే ఒరిగింది. విమానం వెన్నలో కత్తిలా తిరిగింది. నాకు ఏమీ కొత్తగా అనిపించలేదు. మా కారులో క్లచ్చు కూడా అంతే, మనసులో అనుకుంటే చాలు, దిగిపోతుంది. బళ్లన్నీ ఇలాగే ఉంటాయి కాబోలు, ఇంకెందుకు భయం అనుకున్నాను.

"చూశారా సార్! ఈ అమ్మాయికి ఇది పుట్టుకతోనే వచ్చింది" అన్నాడు కెప్టెన్.

ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

కిందికి దిగాక నాన్న పూర్తిగా వేరే మనిషి. గడ్డి గుర్తు లేదు, ఫొటోలు గుర్తు లేవు. "ఎలా తిప్పిందక్కా! ఒక్క కుదుపు లేదు! పుట్టుకతోనే వచ్చిందన్నాడు కెప్టెన్! నేను నేర్పిన క్లచ్చు వల్లే దానికా పాదం వచ్చింది" అని అత్తయ్య వెంటపడి మరీ చెప్పాడు.

"మరి కుర్చీల కవర్లో?" అంది అత్తయ్య.

"కొత్త కుర్చీలు కొనుక్కోవడం తప్పా?"

లోకాన్నంతా అనుమానించే నాన్న, నన్ను పొగిడేసరికి పడిపోయాడు. సంతోషించాల్సింది పోయి నాకే ఎందుకో లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. ఇంత సులువుగా ఉంటే ఏళ్ల తరబడి శిక్షణ ఎందుకు ఇస్తారు?

మాట ప్రకారం రెండోది కూడా చూడాలి. అది రేకుల షెడ్డు. నాన్న దానికి 'రేకుల బడి' అని పేరు పెట్టేలోపే మా మీద ఒకమ్మాయి నీళ్లు చిమ్మింది. పైలట్ కావడానికి చదువుతున్న పిల్లలే పైపు పట్టుకుని విమానం కడుగుతున్నారు. ఇంకో విమానం ఇంజిను మూత విప్పి ఉంది. లోపలి గొట్టాలూ తీగలూ అన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

"రిపేరు బండ్లు. పిల్లల చేత చాకిరీ" అన్నాడు నాన్న.

"కడిగితే చేతులు అరిగిపోతాయా? నువ్వు నీ స్టూడెంట్ల చేత కారు కడిగించవూ?" అంది అత్తయ్య.

అక్కడ నేర్పేది ఒక మేడమ్. యాభై దాటి ఉంటుంది, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు, మోచేతి దాకా మడిచిన చొక్కా చేతులు. నాన్న అడిగినవాటన్నిటికీ పొడిపొడిగా జవాబు చెప్పారు. సీట్లు ఎన్నున్నాయంటే, "వచ్చినవాళ్లలో సగంమంది మానేస్తారు. సీట్లకేం, ఎప్పుడూ ఉంటాయి" అన్నారు.

ఇది చేర్చుకునే పద్ధతేనా అన్నట్టు నాన్న నావైపు చూశాడు.

పైకి తీసుకెళ్లమని అడిగితే ఆవిడ గుమ్మం బయటికి వచ్చి, స్తంభం మీద రెపరెపలాడుతున్న, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ సంచీని చూశారు. "గాలి అడ్డంగా కొడుతోంది. తగ్గాక చూద్దాం. కూర్చోండి."

కూర్చున్నాం. బల్ల ఒక కాలు పొట్టిది, కదిలితే ఊగుతోంది.

"మనల్ని నానబెడుతోంది. బేరానికి ముందు ఇదొక ఎత్తు. నాకు తెలియదా?" అన్నాడు నాన్న.

"నీకు తెలియనిదేముంది లేరా. అద్దాల బడి కెప్టెన్ని మాత్రం చూడగానే గుర్తుపట్టలేకపోయావు, మీ ఇంటివాడిలా ఉన్నాడని."

నాన్నకి ఆ మాట అర్థం కాలేదు. నాకూ కాలేదు, అప్పటికి.

చివరికి గాలి తగ్గింది. ఎక్కే ముందు మేడమ్ నన్ను రెక్క పక్కన నిలబెట్టారు. "ఒక్కటే నియమం. విమానం నేను తీసుకుంటే 'కంట్రోల్ నాది' అంటాను. నువ్వు 'కంట్రోల్ మీది' అని వదిలెయ్యాలి. నీకిస్తే 'కంట్రోల్ నీది' అంటాను. నువ్వు 'కంట్రోల్ నాది' అనాలి, గట్టిగా. ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలియాలి. ఏదీ, అను."

అన్నాను. ఆవిడ చెవి ముందుకి పెట్టారు. మళ్లీ అన్నాను. వెనక నుంచి నాన్న, "దానికి సిగ్గండీ" అన్నాడు.

"సిగ్గుపడితే నష్టం లేదు. వినపడకపోతేనే నష్టం" అన్నారు మేడమ్. మూడోసారికి గొంతు కాస్త పెగిలింది.

నాన్న ఈసారీ వెనక సీట్లో కూర్చున్నాడు. పైకి లేచాం. "కంట్రోల్ నీది" అన్నారు.

"కంట్రోల్ నాది."

"ఎడమకి తిప్పు."

ఎడమ పెడల్ వెళ్తుందని ఎదురుచూశాను. వెళ్లలేదు. ఇంకాసేపు ఎదురుచూశాను. స్టీరింగ్ కూడా చచ్చినట్టు పడి ఉంది. విమానం ముక్కు తనకి తోచినవైపు పోతోంది. ఇది పాడైన విమానం! నాన్న చెప్పిందే నిజం!

"మేడమ్, పెడల్ పట్టేసింది! కదలట్లేదు!" అన్నాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

వెనక నుంచి నాన్న గొంతు హెడ్‌ఫోన్‌లో ఖంగుమంది. "దించెయ్యండి! వెంటనే దించెయ్యండి!"

మేడమ్ కంగారు పడలేదు. "కంట్రోల్ నాది" అన్నారు. "మీది" అన్నాను. ఆవిడ రెండు పెడళ్లూ తొక్కి చూశారు. నా కాళ్ల కింద అవి నిక్షేపంగా ముందుకీ వెనక్కీ ఆడాయి. మళ్లీ "కంట్రోల్ నీది" అని, తన చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, పాదాలు వెనక్కి లాక్కున్నారు.

"పట్టెయ్యలేదు. నువ్వు తొక్కలేదు. తొక్కు, కదులుతుంది."

తొక్కాను. కదిలింది. విమానం ఒళ్లు విరుచుకున్నట్టు పక్కకి జారింది. భయపడి రెండోది తొక్కాను, అటు జారింది. కుండలో నీళ్లలా మా ముగ్గురినీ అటూ ఇటూ తొణికించింది. మేడమ్ రెండుసార్లు 'నాది' అన్నారు, రెండుసార్లు తిరిగి ఇచ్చారు. ఆ ఊగులాటలోనే నాకు వెలిగింది. పొద్దున ఆ పెడల్ నా కాలికంటే ముందు ఎందుకు వెళ్లిందో. ఎవరి కాలు దాన్ని తొక్కిందో. మా కారులో క్లచ్చు మనసులో అనుకోగానే ఎందుకు దిగుతుందో కూడా. 'మీకు స్టీరింగ్ పుట్టుకతోనే వచ్చిందండీ.' కెప్టెన్ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. మా స్కూల్లో చేరిన ప్రతివాళ్లకీ నాన్న రెండో రోజు చెప్పే మాట అది.

దిగాక మేడమ్, "బాగా రాలేదు. మొదటిసారి ఎవరికీ రాదు. కాకపోతే, ఏదో తేడాగా ఉందనిపించగానే పైకి చెప్పావు. అది బాగుంది" అన్నారు.

నాన్న మొహం కందగడ్డలా అయింది. "పెడల్ పట్టేసిందని నా కూతురే చెప్పింది. మీరేమో తొక్కలేదంటున్నారు. పొద్దున అంత బాగా తోలిన పిల్ల ఇక్కడ తోలలేదంటే లోపం ఎక్కడున్నట్టు? రాదు రాదు అని చెప్పి ఏళ్లకేళ్లు సాగదీద్దామనా?"

"మీ ఇష్టం. గేటు వేసేదాకా ఇక్కడే ఉంటాను" అని మేడమ్ ఇంజిను విప్పిన విమానం దగ్గరికి వెళ్లిపోయారు.

"పద అమ్మలూ. అద్దాల బడికి పోదాం, సీటు చెయ్యి జారుతుంది" అన్నాడు నాన్న.

కారెక్కాం. నా మాట పట్టుకునే నాన్న ఈ స్కూలుని కొట్టేశాడు. చెప్పాలి. చెప్పాలంటే ఆయన కాలి సంగతి కూడా చెప్పాలి. చెప్పాక రెండూ దొంగవే అని తేల్చేస్తే? ఆడవాళ్ల బ్యాచ్. అద్దాల బడికి వెళ్తే పైలట్ దుస్తులైనా దక్కుతాయి. కానీ ఏదో ఒక రోజు నా పక్క సీట్లో ఎవరి పాదమూ ఉండదు.

తాళం తిప్పాను. "నాన్నా, కాళ్లు పైకి పెట్టుకో."

"ఏంటీ?"

"సీటు మీద పెట్టుకో. మఠం వేసుకుని కూర్చో."

"ఇదెక్కడి గోలే? బ్రేకు ఎవరు..."

"పెట్టుకోరా, పిల్ల అడిగితే. నేను చూస్తుంటా, దించకుండా" అంది అత్తయ్య. వెనక నుంచి ముందుకి వంగి, నాన్న మోకాళ్ల మీద గట్టి నిఘా వేసింది.

నాన్న నవ్వుతూ కాళ్లు మడిచాడు. నేను అలవాటుగా క్లచ్చు మీద పాదం ఆనించి, అది దిగేదాకా ఆగాను. దిగలేదు. తొక్కాను. గట్టిగా ఉంది, నేను ఎరగనంత గట్టిగా. గేరు వేసి వదిలేసరికి కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. అత్తయ్య తల నాన్న సీటుకి కొట్టుకుంది.

మళ్లీ తిప్పాను. మళ్లీ ఎగిరింది. ఎలాగో రోడ్డెక్కి నాలుగు దార్ల కూడలి దాకా వచ్చాక నట్టనడుమ ఆగిపోయింది. వెనక లారీవాడు హారను మీద చెయ్యి వేసి తియ్యలేదు. పక్కన స్కూటరతను మా వెనక అద్దం మీది అక్షరాలు చదువుకుని, దండం పెట్టి పోయాడు.

"ఏమైందే నీకు? లైసెన్సు పరీక్షలో నీళ్లు తాగినట్టు తోలావుగా!"

"ఆ రోజు వెనక సీట్లో ఆఫీసరు ఉన్నాడు. పక్క సీట్లో నువ్వున్నావు నాన్నా."

నాన్న నవ్వు మొహం మీదే ఆగిపోయింది. లారీ హారను ఇంకా మోగుతూ ఉండటమే నయమైంది, ఆ చప్పుడులో మాట్లాడటం సులువు.

"పొద్దున విమానంలో పెడల్ నాకంటే ముందే దిగింది. మన క్లచ్చు కూడా ఎప్పుడూ నాకంటే ముందే దిగుతుంది. అందుకే మేడమ్ గారి పెడల్ పట్టేసిందనుకున్నాను. అది పట్టెయ్యలేదు. ఆవిడ తొక్కలేదు, అంతే. ఆవిడ పట్టుకున్న ప్రతిసారీ పైకి చెప్పారు నాన్నా. పొద్దునాయన ఒక్కసారీ చెప్పలేదు."

ఇంకో మాట మిగిలింది. అది అనలేకపోయాను. అనక్కర్లేకపోయింది. నాన్న తన మడిచిన కాళ్లవైపు చూసుకుంటున్నాడు.

"మధ్యలో బండి ఆగిపోతే భయపడతారే జనం. భయపడితే రేపు రారు. అందుకని కాస్త..." అని ఆగాడు. అంతలోనే తొడ చరుచుకుని, "ఆ నవ్వు మొహంవాడు! నా ముందు సీట్లోనే, నా కళ్లెదుటే, నా పద్ధతే నా మీద వాడాడు!" అన్నాడు.

"నేను ఇందాకే అన్నాగా, మీ ఇంటివాడిలా ఉన్నాడని" అంది అత్తయ్య నుదురు రుద్దుకుంటూ.

లారీవాడు కిందికి దిగి వస్తున్నాడు. నేను మళ్లీ తాళం తిప్పాను. అక్కడ రోడ్డు కాస్త ఏటవాలు. కారు వెనక్కి, లారీ వైపు జారడం మొదలుపెట్టింది. నా పాదం బ్రేకు కోసం వెతుక్కుంటోంది. నాన్న కాళ్లు దిగాయి. దిగి, పెడల్‌కి అంగుళం ఎడంగా ఆగాయి.

"ఏదీ, ఏమంటుందా ఆవిడ?" అన్నాడు గబగబా. వెంటనే తనే, "కంట్రోల్ నాది" అన్నాడు.

"కంట్రోల్ నీది" అన్నాను, పాదాలు లాక్కుని.

నాన్న బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. లారీవాడు కిటికీలోంచి మమ్మల్ని ముగ్గురినీ మార్చి మార్చి చూసి, తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేసి, "నేర్పేవాడెవరండీ?" అని మాత్రం అడిగాడు.

"నేనే బాబూ. ఇవాళే మొదలుపెట్టాను" అన్నాడు నాన్న.

అతను వెళ్లాక నాన్న బ్రేకు పట్టుకునే ఉండి, రోడ్డు రెండువైపులా చూశాడు. కుడివైపు వెళ్తే అద్దాల బడి. "వెనక్కి తిప్పు. ఆవిడ గేటు వెయ్యకముందే వెళ్లాలి. ఆవిణ్ణి కూడా నేను పూర్తిగా నమ్మానని అనుకోకు. ఆ విప్పిన ఇంజిను ఎవరు బిగిస్తారో, బిగించాక ఎవరు చూస్తారో అడుగుతాను. నాలుగు పెడళ్లూ నేనే తొక్కి చూస్తాను."

"చూడు నాన్నా."

"కుర్చీల్లో కూడా కూర్చుని చూడు" అంది అత్తయ్య.

నాన్న గొంతు సవరించుకున్నాడు. నేను బ్రేకు తొక్కానని చూసుకుని మెల్లగా పాదాలు తీసి, మళ్లీ సీటు మీద మడిచి పెట్టుకున్నాడు. "కంట్రోల్ నీది."

"కంట్రోల్ నాది" అన్నాను. వెనక్కి తిరిగే మలుపులో బండి ఇంకోసారి ఆగిపోయింది. నాన్న రెండు చేతులతో తన పాదాలు పట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.